నీళ్ళ కాపలా

నా వయసు డెబ్బై ఆరు. పళ్ళు పోయాయి, గుర్రం పోయింది, ఎడమ చెవి సగం పోయింది. ఆ వసంతం నాటి కోపం ఒక్కటే పోలేదు. పొద్దున్నే లేచి, ఉందా లేదా అని తడిమి చూసుకుంటాను. ఉంటుంది, దుక్కలా.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. వెర్బిత్సలో నేను బండి తోలేవాణ్ణని ఊరంతటికీ తెలుసు. అయితే పూరిమ్ పండుగ వెళ్ళిన మర్నాటి నుంచి పెసఖ్ పండుగ దాకా, ఏటా ఆ నాలుగు వారాలూ నేను మా యూదుల సహాయ కమిటీకి ఆస్థాన అబద్ధాలకోరును. నవ్వితే నవ్వండి. చుట్టుపక్కల పంతొమ్మిది ఊళ్ళలో అలాంటి ఉద్యోగం ఇంకోటి లేదు.

పెసఖ్ ఎనిమిది రోజులూ మా ఇళ్ళలో పొంగిన రొట్టె తునక కూడా కనబడకూడదు. పొంగకముందే అప్పడాల్లా ఒత్తి కాల్చిన మాత్సా రొట్టెలే తినాలి. ఉన్నవాళ్ళు కమిటీకి ఇచ్చేవారు. కమిటీవాళ్ళు ఊరుమ్మడి బట్టీలో రొట్టెలు కాల్పించేవారు. అన్నీ ఒకే రకం బుట్టలు, పైన ఒకే రకం తెల్లగుడ్డ. ఊళ్ళో ప్రతి గడపకీ ఒక బుట్ట నా బండి మీదే వెళ్ళేది. ఇచ్చినవాళ్ళ గడప దగ్గర బుట్ట దించేవాణ్ణి. ఇవ్వలేనివాళ్ళ గడప దగ్గర బుట్టనీ, దానితో పాటు ఒక అబద్ధాన్నీ దించేవాణ్ణి.

చెప్పులు కుట్టే మోట్యా పోయాక అతని భార్య సోస్యె దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఈ గుర్రం నీ గుమ్మం ముందు మొండికేసింది. ఒక బుట్ట బరువు తగ్గితే గానీ కదలనంటోంది. నువ్వు తీసుకోకపోతే నేనూ గుర్రమూ ఇవాళ మీ ఇంట్లోనే పడుకోవాలి" అనేవాణ్ణి. "గుర్రానికైతే చోటుంది, నీకు లేదు ఫో" అని ఆమె బుట్ట లాక్కునేది. ముసలి పంతులు గారి దగ్గర ఇంకో పాట. "రొట్టెలు మిగిలిపోయాయండీ, బట్టీలో ఎలుకలు తినేస్తున్నాయి. పండుగ రొట్టె తిన్న ఎలుకకి పండుగ ప్రార్థన నేర్పాలా అక్కర్లేదా? మీరు తేల్చి చెప్పేదాకా ఈ బుట్ట మీ దగ్గరుంచండి." ఆయన ఆ ప్రశ్న మీద మూడు రోజులు పుస్తకాలు తిరగేసేవాడు, రొట్టె నములుతూ.

ఈ ఉద్యోగం నాకిచ్చింది మా బావ ఆన్షెల్. మా అక్క హెన్యె మొగుడు. పాతికేళ్ళు కమిటీకి ప్రెసిడెంటు. కలప వ్యాపారి. ఊళ్ళో సగం పైకప్పులు ఆయన దుంగలే. "ఒరేయ్ గెదాల్యె, నీ నోట్లోంచి నిజం వచ్చి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు ఒకరోజు. "పుట్టినప్పుడు ఏడ్చాను బావా, అదే ఆఖరు" అన్నాను. "అయితే నువ్వే కావాలి" అన్నాడు.

తర్వాత ఒక వరద వచ్చింది. తెప్పలుగా కట్టిన ఆయన దుంగలన్నీ నల్లసముద్రం చూడ్డానికి వెళ్ళిపోయాయి. బావ ఇల్లు అమ్మేసి, ప్రెసిడెంటు కుర్చీ వదిలేసి, మా ఇంటి అవతలి వాటాలోకి వచ్చాడు. మధ్యలో ఒకటే గోడ. మా ఆవిడ బ్రాయ్న ఉల్లిపాయలు వేయిస్తే మా అక్కకి కళ్ళు మండేవి. అక్క ఏమీ వేయించని రోజులు మాకు ఇంకా బాగా తెలిసేవి.

ఆ ఏడు పెసఖ్‌కి ఆయన గడపకి బుట్ట ఎలా చేర్చాలి? కొత్త ప్రెసిడెంటు బెరిష్, మందుల షాపాయన, తల పట్టుకున్నాడు. నేను మూడు రోజులు ఆలోచించి, నా జీవితంలోకెల్లా ఘనమైన అబద్ధం అల్లాను.

"బావా, ఊరు ఆపదలో ఉంది" అన్నాను. "రొట్టెల పిండి కలిపే నీళ్ళు ముందురోజు సాయంత్రమే తోడి, చల్లగా పీపాలో ఉంచుతాం కదా. నూట పదేళ్ళ కింద ఒక తాగుబోతు గొర్రెల బేరగాడు ఆ నీళ్ళలో కాళ్ళు కడుక్కున్నాడట. ఆ ఏడు రొట్టెలన్నీ తలగడల్లా పొంగిపోయాయి. జనం వాటి మీద పడుకుని పండుగ చేసుకున్నారు. అప్పట్నుంచి ఊరు నమ్మే పెద్దమనిషి ఒకడు ఆ పీపాకి కాపలా ఉండడం ఆచారం. ఇన్నాళ్ళూ చేసిన ముసలి జాన్వెల్ పోయాడు. నెలరోజుల పని. జీతం లేదు, ఒక బుట్ట రొట్టెలిస్తారు, అంతే. ఎవరూ ముందుకు రావడం లేదు."

బావ గడ్డం నిమురుకుని, "జాన్వెల్ చేసేవాడా ఆ పని?" అన్నాడు.

"ఆయనకి తప్ప ఎవరికి తెలుసు బావా, అంత రహస్యంగా చేసేవాడు."

"సరే. ఊరు ఆపదలో ఉంటే ఏం చేస్తాం" అన్నాడు.

అలా నాలుగేళ్ళు. పీపా పక్కన కుర్చీ వేసుకుని, నల్లకోటు తొడుక్కుని, గరిటె తన చేత్తోనే పట్టి, పిండి కలిపే ఆడవాళ్ళ గిన్నెల్లో నీళ్ళు పోసేవాడు. ఎవరైనా పీపా దగ్గరగా తుమ్మితే బయటికి పంపేవాడు. ఊరంతటికీ సంగతి తెలుసు. ఒక్కరూ పెదవి విప్పలేదు. మా ఊరికి వేరే ఏ ఘనతా లేకపోయినా అదొక్కటి చాలు అనుకునేవాణ్ణి.

*

ఆ ఏడు పూరిమ్ వెళ్ళిన వారానికి నఫ్తోలి వచ్చాడు.

వెర్బిత్సలో పుట్టి, పన్నెండో ఏట ఒదెస్సా వెళ్ళి, పిండిమరలకి యజమాని అయినవాడు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. బొజ్జ లేదు, ఉంగరాలు లేవు. ఉంటే తిట్టుకోడానికి నాకు సుఖంగా ఉండేది. కమిటీ గదిలో కూర్చుని, గ్లాసులో టీ తాగుతూ నెమ్మదిగా చెప్పాడు. పేదల బుట్టలన్నిటికీ పిండి తనదే. బట్టీకి కొత్త కప్పు తనదే. ఊరికి ఒక డాక్టరు, ఏడాది పాటు, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా.

బెరిష్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ చలికాలం మా ఊళ్ళో ఊపిరితిత్తుల జబ్బుతో తొమ్మిదిమంది పోయారు. మా బ్రాయ్న కూడా రాత్రంతా దగ్గుతోంది.

"ఒకే షరతు" అన్నాడు నఫ్తోలి. "గుడ్డ కప్పిన బుట్టలు వద్దు, దొంగచాటు వద్దు. పండుగకి మూడు రోజుల ముందు అందర్నీ ప్రార్థన మందిరానికి రమ్మనండి. పేరు చదవండి. వచ్చి, సంతకం పెట్టి, బుట్ట తీసుకెళ్ళమనండి. బుట్ట మీద మా నాన్న పేరుతో ఒక కాగితం ఉంటుంది. ఆ సంతకాల జాబితా నాకివ్వండి, అద్దం కట్టించుకుంటాను."

"పేర్లు చదవాలా? గట్టిగానా?" అన్నాను.

"పేరులో సిగ్గేముంది బాబాయ్?"

"నీ పేరు పిండిమర మీద ఉంది నాయనా. వాళ్ళ పేరు ఆకలి మీద చదవమంటున్నావు."

బెరిష్ బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను ఆయన కాలు ఇంకా గట్టిగా తొక్కాను. "అయ్యా, డాక్టరు" అన్నాడు బెరిష్ ఏడుపు గొంతుతో. "డాక్టరు, గెదాల్యె!"

దాని మీద నేనేమనగలను? గోడ అవతల్నుంచి కూడా వినబడేది బ్రాయ్న దగ్గు. లేచి తలుపు దబాలున వేసి వచ్చేశాను. తలుపు కమిటీదే కనక ఇంకోసారి కూడా వేశాను.

*

రెండు రోజులు ఇంట్లో గిన్నెల మీద కోపం చూపించాను. బ్రాయ్న చూసి చూసి, "ఏమయ్యా, గిన్నెలేం చేశాయి? బావ గారి సంగతే కదా నీ బాధ. వెళ్ళి ఆ నఫ్తోలినే అడగరాదూ? నలభైమంది కోసం గొంతెత్తలేవు సరే, ఒక్కడి కోసమైనా ఎత్తు" అంది.

బాధ అదే. కొత్త పద్ధతిలో ప్రతి బుట్టకీ ఒక పేరుండాలి. పీపా కాపలాదారు బుట్ట అని ఒకటి ఏ జాబితాలోనూ లేదు. బావ పేరు చేరిస్తే ప్రార్థన మందిరంలో చదువుతారు. చేర్చకపోతే ఎనిమిది రోజులు అక్కా బావా ఉడకబెట్టిన బంగాళాదుంపలు తిని, రొట్టెలే తిన్నామని చెప్తారు.

సత్రం పెరట్లో నఫ్తోలి తన గుర్రాలకి తనే దాణా వేస్తున్నాడు. అదీ నాకు నచ్చలేదు, పనివాణ్ణి పెట్టుకోవచ్చు కదా.

"నఫ్తోలీ, ఒక మాట" అన్నాను. నా జన్మలో మొదటిసారి, ఏ అలంకారమూ లేకుండా నిజం చెప్పాను. బావ సంగతి, వరద సంగతి, జాన్వెల్ అబద్ధం, గొర్రెల బేరగాడి కాళ్ళు, కుర్చీ, గరిటె, నల్లకోటు. "ఆ ఒక్క బుట్టని నా బండి మీద నా పద్ధతిలో వెళ్ళనియ్యి. ఊళ్ళో తక్కినదంతా నీ ఇష్టం. ఆయన మానం ఒక్కటి నాకు వదిలెయ్యి."

అతను దాణా బకెట్టు కింద పెట్టాడు.

"మా అమ్మకి నువ్వేం చెప్పేవాడివో గుర్తుందా బాబాయ్?"

"ఏదో చెప్పే ఉంటాను."

"మా అమ్మలాగే రైజ్యా అనే పేరున్న ఇంకో ఆవిడ ఈ వీధిలోనే ఉండేదనీ, అమెరికా ఓడెక్కిందనీ, ఆవిడ బుట్ట తప్పుగా వచ్చిందనీ, వెనక్కి పంపాలంటే ఓడ కూలి బుట్టకంటే ఎక్కువవుతుందనీ. ఏటా ఆ ఇంకో రైజ్యాకి ఒక కొత్త కష్టం తెచ్చేవాడివి. ఒకసారి ఆవిడ ఓడలో వంటవాణ్ణి పెళ్ళాడింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి పడీ పడీ నవ్వేది. నువ్వు సందు తిరిగాక తలుపేసుకుని బుట్ట ముందు కూర్చుని ఏడ్చేది. నేను బల్ల కింద ఉండేవాణ్ణి. నీ అబద్ధాలంటే నాకు అసహ్యం బాబాయ్. ఊరంతా కలిసి మా అమ్మని వెర్రిదాన్ని చేసినట్టుండేది."

అంతటితో ఊరుకోవాలా నేను! "ఆ నవ్వు కూడా ఉండొద్దంటావు నువ్వు, అంతేగా?" అని అరిచాను. గుర్రాలు బెదిరాయి.

"ఆన్షెల్ గారిని అవమానించను" అన్నాడు అతను. "మాటిస్తున్నాను. మా నాన్న పోతే శవం వెంట నడిచిన పదిమందిలో ఆయన ఒకరు. గౌరవంగా చూసుకుంటాను."

నమ్మాను. అబద్ధాలు చెప్పేవాళ్ళంత తేలిగ్గా మాటలు నమ్మేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

*

మర్నాడు పొద్దున బట్టీలో పని జోరుగా ఉంది. పిండిలో నీళ్ళు పడిన క్షణం నుంచి పద్దెనిమిది నిమిషాల్లో రొట్టె కాలి బయటికి రావాలి. ఆలస్యమైతే ఆ పిండి పండుగకి పనికిరాదు, పారబొయ్యాల్సిందే. అందుకని ఆడవాళ్ళు అప్పడాల కర్రలతో యుద్ధం చేస్తున్నట్టుంటారు. బావ పీపా దగ్గర కుర్చీలో ఉన్నాడు. నేను కట్టెలు దించుతున్నాను.

నఫ్తోలి వచ్చాడు. టోపీ తీశాడు. బావ ముందు వంగి, మెల్లగా, ప్రేమగా మాట్లాడాడు. ఆ ప్రేమే నా గుండెల్లో ఇప్పటికీ మండుతోంది.

"ఆన్షెల్ గారూ, లేవండి. ఈ వయసులో మీరిలా కూర్చోనక్కర్లేదు. గెదాల్యె బాబాయ్ నాకంతా చెప్పాడు. నీళ్ళకి కాపలా అనే పనే లేదట, మిమ్మల్ని నాలుగేళ్ళుగా మభ్యపెడుతున్నారు. మీలాంటివారిని అలా ఆడించడం తప్పు. జాబితాలో మీ పేరు అందరికంటే ముందు రాయించాను. రొట్టెలు మీకు ఊరికే వస్తాయి."

అప్పడాల కర్రలు ఆగిపోయాయి.

బావ నా వైపు చూడలేదు. చేతిలో గరిటె నిండా నీళ్ళున్నాయి. సోస్యె గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"అలాగా" అన్నాడు. "ఈ గిన్నెకి ఇంకో గరిటె పట్టాలి. అది పోసి లేస్తాను."

పోశాడు. చుక్క కింద పడలేదు. గరిటె పీపాకి తగిలించి, కోటు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ కదల్లేదు. బట్టీ దగ్గర మనిషి "టైమైపోయింది, టైమైపోయింది!" అని కేకలేసేసరికి బల్లల మీదున్న పిండికంతా గడువు మించిపోయింది. మొత్తం ఎత్తి పారబోశారు. నఫ్తోలి ఆ కుప్ప వంకా మా మొహాల వంకా చూసి, "ఏమయింది? నేనేమన్నాను?" అన్నాడు. నిజంగానే అడిగాడు. అందుకే కట్టె పేడు చేతిలోనే ఉన్నా కొట్టలేకపోయాను.

ఇంటికెళ్ళేసరికి బావ పెరట్లో మా గుర్రానికి గడ్డి వేస్తున్నాడు.

"బావా, నన్ను తన్నండి" అన్నాను.

"ఎందుకురా?"

"వాడితో చెప్పింది నేనే."

"తెలుసు. వాడే చెప్పాడుగా." గడ్డి విదిలించాడు. "పాతికేళ్ళు ప్రెసిడెంటుగా చేశానురా. ఆ బట్టీకి కప్పు వేయించింది నేను. నీళ్ళకి కాపలాదారు ఉంటాడో ఉండడో నాకు తెలీదా?"

"మరి..."

"జాన్వెల్ పన్నెండేళ్ళు మంచం దిగలేదు. కాపలా కాశాట్ట! నువ్వు పాపం అంత చెమటోడ్చి అల్లావు. ఊరంతా అంత జాగ్రత్తగా మోసింది. నేను మాత్రం ఎందుకు పాడుచెయ్యాలి అనుకున్నాను." ఇటు తిరిగాడు. ఆ మొహంలో కోపం అప్పుడు చూశాను. నా కోపం దాని ముందు తాటాకు మంట. "మొయ్యడం వాళ్ళకి చేతనైంది, నాకు చేతనైంది. నీకు చేతకాలేదేంరా? ఆ పని నీకిచ్చిందే నేను కదరా!"

గోడ అవతల మా అక్క అప్పుడే ఏదో గిన్నె కింద పెట్టింది.

*

పండుగకి మూడు రోజుల ముందు ప్రార్థన మందిరం నిండిపోయింది. తీసుకునేవాళ్ళు వెనక బల్లల మీద, చూసేవాళ్ళు మధ్యలో. ముందు పొడుగాటి బల్ల, దాని మీద నలభై ఒక్క బుట్టలు. గుడ్డ లేదు. ఒక్కోదానికి నఫ్తోలి వాళ్ళ నాన్న పేరున్న కాగితం. సోస్యె తల గోడవైపు తిప్పుకుని కూర్చుంది. పంతులు గారు పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు గానీ పేజీ తిప్పడం లేదు. నా పక్కనున్న బ్రాయ్న దగ్గు ఆపుకోలేక గుడ్డ నోట్లో కుక్కుకుంది.

బెరిష్ గొంతు సవరించుకున్నాడు. "ఆన్షెల్" అని చదివాడు.

బావ లేచాడు. అదే నల్లకోటు. నెమ్మదిగా నడిచి వెళ్ళి, కలం తీసుకుని, ప్రెసిడెంటుగా ఉన్న రోజుల్లో పెట్టే తోకల సంతకం పెట్టాడు. బుట్ట తీసి పక్కకి పెట్టాడు. బెరిష్ రెండో పేరు కోసం నోరు తెరిచాడు.

"ఉండవయ్యా. నీ కళ్ళద్దాలు సరిగా లేవు" అని బావ ఆ కాగితం అతని చేతిలోంచి లాక్కున్నాడు. తన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. దీపం దగ్గరికి జరిగాడు. పాతికేళ్ళు ఆ గదిలో అందరూ విన్న గొంతుతో, రెండో వరస మీద వేలు పెట్టి చదివాడు.

"ఆన్షెల్."

వంగి సంతకం పెట్టాడు. బుట్ట తీసి పక్కన పెట్టాడు. మూడో వరస మీద వేలు పెట్టాడు.

"ఆన్షెల్."

వెనక బల్లల మీద ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. బెరిష్, "ఆన్షెల్ గారూ, ఎవరిది వాళ్ళే..." అని నసిగాడు.

"మనలో పెళ్ళికి ప్రతినిధిని పంపితే చెల్లుతుంది. విడాకులకి పంపినా చెల్లుతుంది. రొట్టెకి చెల్లదా? మనిషికి మేలు చెయ్యడానికైతే అతన్ని అడగను కూడా అక్కర్లేదు. కాదంటే రబ్బీ గారిని పిలవండి, నిలబడే ఉంటాను." మళ్ళీ వేలు పెట్టాడు. "ఆన్షెల్."

ఆరు, ఏడు, ఎనిమిది. మొదట్లో ఎవరో కుర్రకుంక కిసుక్కుమన్నాడు. వాళ్ళమ్మ తల మీద ఒకటిచ్చింది. పదిహేనో బుట్ట దాటేసరికి బావ నడుము పట్టుకుంటున్నాడు. నేను లేవబోయాను. బ్రాయ్న నా కోటు అంచు పట్టి లాగి, "కూర్చో. ఇది కూడా చెడగొట్టకు" అంది. కూర్చున్నాను.

ఇరవై దాటాక నఫ్తోలి లేచాడు. మొహం పిండిలా పాలిపోయింది. "చాలండి" అన్నాడు. "ఆన్షెల్ గారూ, చాలు."

"ఇంకా ఇరవై ఉన్నాయి బాబూ" అన్నాడు బావ. "నువ్వడిగినట్టే చదువుతున్నాను. కూర్చో."

నఫ్తోలి కూర్చున్నాడు. ఆఖరి దాకా కూర్చున్నాడు, అది మాత్రం చెప్పాలి. నలభై ఒకటో సంతకం అయ్యాక బావ కాగితం నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు. బుట్టల మీది కాగితాలు ఒక్కొక్కటే జాగ్రత్తగా, చిరగకుండా ఊడదీసి, దొంతర పేర్చి, నఫ్తోలి చేతిలో పెట్టాడు. "మీ నాన్న మంచివాడు. ఈ పేరు నీ దగ్గరే భద్రంగా ఉంటుంది" అన్నాడు. ఆ తర్వాతే నా వైపు చూశాడు. "బండి తెచ్చావా లేదా?"

ఆ మధ్యాహ్నం నలభై గడపలకి నలభై బుట్టలు దించాను. గుర్రం మొండికేసిందన్నాను, ఎలుకలన్నాను, ఓడలన్నాను. ఒక్కటీ సరిగా రాలేదు. సోస్యె వినకుండానే బుట్ట తీసుకుని, "చాల్లే, గుర్రాన్ని తోలు" అంది.

పండుగ ముందురోజు పొద్దున ఇంట్లో మిగిలిన పొంగిన రొట్టె తునకలు పెరట్లో కాలుస్తాం. ఆ మంటలో బావ మడత కాగితం ఒకటి వేశాడు. నేను అడగలేదు.

*

నఫ్తోలి పండుగకి ఆగకుండా వెళ్ళిపోయాడు. ఇచ్చిన మాట మాత్రం ఒక్కటీ తప్పలేదు. బట్టీకి కప్పు పడింది. పండుగ వెళ్ళిన వారానికి డాక్టరొచ్చాడు. చిన్నవాడు, ఓపికగలవాడు. బ్రాయ్న వీపు మీద చెవి పెట్టి విని, రోజు విడిచి రోజు వచ్చి, రెండు నెలల్లో ఆమె దగ్గు కుదిర్చాడు. ఇదిగో ఇప్పటికీ పక్కగదిలోంచి నన్ను తిడుతూనే ఉంది. ఆ డాక్టరు లేకపోతే ఈ తిట్లు లేవు. నా కోపానికి అది అన్నిటికంటే పెద్ద ఇబ్బంది. తిట్టడానికి నోరు తెరుస్తాను, ఆమె లోపల్నుంచి పిలుస్తుంది.

ఊరు బావని నెత్తిన పెట్టుకుంది. ఆయన వీధిలోకొస్తే మగవాళ్ళు లేచి నిలబడేవారు. చేపల కొట్టువాడు మంచి చేప తీసి పక్కన పెట్టేవాడు. ఆడవాళ్ళు ఆయన్ని చూడగానే గొంతు తగ్గించేవారు. ఇదివరకు ఎవరూ ఆయన కోసం గొంతు తగ్గించలేదు. పీపా దగ్గర తుమ్మి తిట్లు తిన్నవాళ్ళు కూడా ఇప్పుడు "అయ్యగారూ" అనడం మొదలుపెట్టారు. బావ వీధిలోకి రావడం మానేశాడు.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం బావ మా వాటాలోకి వచ్చాడు. బల్ల దగ్గర కూర్చున్నాడు.

"గెదాల్యె, బెల్త్సి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఒక కలప యార్డు ఉంది. యజమాని నా పాత స్నేహితుడు. లెక్క తెలిసిన మనిషి కావాలట, నేనైతేనే కుదురుతుందట. ఇల్లు కూడా ఇస్తాడట. ఎల్లుండి రమ్మన్నాడు."

మా ఊరికి ఉత్తరాలు పోస్టాఫీసు నుంచి తెచ్చేది నేనే. నా బండి మీదే. ఆ నెలలో బావకి ఏ ఉత్తరమూ రాలేదు. పైగా ఆ యజమాని పేరు చెప్పలేదు, ఆ ఊళ్ళో యార్డు ఏ వీధిలో ఉందో చెప్పలేదు. అంత పేలవమైన అబద్ధం నేను నిద్రలో కూడా చెప్పను. వెళ్ళొద్దని అరవాలనిపించింది. గోడ బద్దలుకొట్టి రెండు వాటాలూ ఒకటి చేస్తాననాలనిపించింది. నఫ్తోలిని తిట్టాలని, నన్ను నేను తిట్టుకోవాలని నోటిదాకా వచ్చింది. బ్రాయ్న పొయ్యి దగ్గర వెనక్కి తిరిగే నిలబడి ఉంది. బావ నా మొహంలోకి చూస్తున్నాడు.

"మంచి మాట బావా" అన్నాను. "బెల్త్సి యార్డంటే మాటలా!"

మూడో రోజు వాళ్ళని స్టేషన్‌కి తీసుకెళ్ళాను. రెండు మూటలు, ఒక పెట్టె, సబ్బాతు దీపపు సెమ్మెలు గుడ్డలో చుట్టి అక్క ఒళ్ళో. రైలు కూత వినబడ్డాక బావ అన్నాడు, "అక్కడ స్టేషన్‌కి మనిషిని పంపిస్తాడట."

"మనిషినేమిటి బావా, బండినే పంపిస్తాడు" అన్నాను. "రెండు గుర్రాల బండి. తెల్లవి. ఆ యార్డు సంగతి నేను విన్నాను. దుంగలు ఎంత ఎత్తు పేర్చి ఉంటాయంటే కొంగలు వాటి మీద గూళ్ళు పెట్టి దిగడం మరిచిపోయాయట. మీరు వెళ్ళగానే ఒక నిచ్చెన వేయించండి, పాపం."

అక్క నా చెయ్యి పట్టుకుంది, నొప్పి పుట్టేలా. బావ నన్ను చూసి, "నిచ్చెనే కదా. వేయిస్తాను" అని రైలు పెట్టె ఎక్కాడు.

రైలు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేదాకా ఎనిమిది మైళ్ళూ గుర్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. దానికేం తెలుసు, చెవులు వెనక్కి పెట్టుకుని నడుస్తూనే ఉంది.